కట్టను లెవీ అన్న రోజు

ఆ పొద్దున బాలలక్ష్మి చాయ్ తాగిన స్టీలు గ్లాసును చేతిలో పట్టుకునే చెరువు కట్ట కిందికి పోయింది. కడగడానికి కూడా ఆగలేదు. అక్టోబరు నెలాఖరు. మూడు రోజులుగా విడవకుండా కొట్టిన తుఫాను వాన తెల్లవారాక కాస్త తెరిపిచ్చింది. కోనచెరువు నిండి మత్తడి మీదుగా నీళ్ళు దుంకుతున్న చప్పుడు ఊళ్ళోకి వినిపిస్తోంది. ఊరికి ఆ చప్పుడు సంబరం. ఆమెకు మాత్రం మూడు రోజుల నుంచి ముద్ద దిగడం లేదు.

తూముకు ఎడమ పక్క ముప్పై అడుగుల దూరంలో, కట్ట అడుగున, గడ్డి మొదళ్ళలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. పది రోజుల కింద వట్టి తడిగా కనిపించిన చోటు ఇప్పుడు చిన్న చెలమ అయింది. ఊట ఏ చెరువు కట్టకైనా ఉంటుంది. తేటగా ఊరినన్నాళ్ళు భయం లేదు. రంగు తిరిగిందంటే కట్ట కడుపులో మన్ను కరిగి నీళ్ళతోపాటు బయటికి వస్తున్నట్టు. అప్పుడు లోపల బుంగ పడుతుంది. బుంగ పెద్దదయితే కట్ట తెగుతుంది.

బాలలక్ష్మి గ్లాసు ముంచి పైకెత్తి చూసింది. నీళ్ళు పలచని రాగి జావలా ఉన్నాయి. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని పారబోసి మళ్ళీ ముంచింది. రాయి మీద పెట్టి కాసేపు ఆగింది. గ్లాసు అడుగున గోరు మందాన ఎర్రమట్టి పేరుకుంది.

కథలాపూర్ నుంచి రుద్రంగి పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది ఆ ఊరు. బాలలక్ష్మి ఆ చెరువుకు నీరటి. తూము తిప్పడం, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పోవాలో చూడడం, కట్ట మీద తుమ్మ మొలకలు పీకడం, ఎలుక బొరియలు పూడ్చడం ఆమె పని. అంతకు ముందు ఆమె భర్త మొగిలయ్య చేసేవాడు. ఆయనకు ముందు ఆయన తండ్రి. మొగిలయ్య తొమ్మిదేళ్ళ కింద గుండె ఆగి పోయినప్పుడు, ఆడమనిషి తూము తిప్పుతుందా అని పది మందీ నసిగారు. అప్పటి సర్పంచ్ దేవేందర్ మాత్రం, "ఒక్క పంట కాలం తిప్పనియ్యుండ్రి, సూద్దాం" అన్నాడు. ఆ ఏడు కింది మళ్ళకు నీళ్ళు అందడం లేదని గొడవొస్తే, ఎగువ రైతు ఒకడు రాత్రికి రాత్రి తిప్పుకున్న మడవను ఆమె ఒక్కతే పోయి మూసేసి, పొద్దెక్కేదాకా దాని మీదే కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ నసగలేదు.

మొగిలయ్య ఉన్నన్నాళ్ళు ఆమె బీడీలు చుట్టింది. సాయంత్రం సద్ది గిన్నె తేవడానికి పోయినప్పుడు ఆయన కట్ట మీద నడుస్తూ చెప్పేవాడు. "నీళ్ళు తక్కువైతే మనుషులు కొట్టుకుంటరు, ఎక్కువైతే కట్ట మాట్లాడ్తది. ఇనాలె." అవి ఆయన ఊరికే అన్న మాటలనుకుంది అప్పుడు. ఇప్పుడు రోజూ రెండు పూటలా కట్ట పొడవునా నడుస్తుంది. కాలు ఎక్కడ మెత్తగా దిగినా ఆ రోజంతా ఆమెకు గుబులే.

పోయిన ఎండాకాలం తూము పక్క కట్ట ఒకచోట కుంగింది. ఆమె జగిత్యాలకు మూడు సార్లు పోయి దరఖాస్తు ఇచ్చింది. మూడోసారి తర్వాత హైదరాబాద్ నుంచి ఒక చదువుల సంస్థ తరఫున ఇద్దరు వచ్చారు. వాళ్ళలో ప్రీతి అనే ఇంజనీరు పిల్ల కట్టలోకి సన్నని పైపులు దింపి, లోపల నీళ్ళ ఒత్తిడి కొలిచే యంత్రం పెట్టింది. "ఇది ఎప్పటికప్పుడు మాకు ఫోన్‌లో చెప్తుందమ్మా. ఏదన్నా తేడా వస్తే మీ పంచాయతీ సెక్రటరీకి మెసేజ్ పెడతాను" అంది. బాలలక్ష్మి ఆ పిల్ల చేతికి జామకాయలు ఇచ్చి, "జర యాదికుంచుకో బిడ్డా" అంది. అయిదు నెలలు గడిచాయి. యంత్రం మీద పిచ్చుకలు వాలడం తప్ప ఆమెకు వేరే ఏమీ కనిపించలేదు.

బాలలక్ష్మి గ్లాసుతో ఊళ్ళోకి పరుగున వచ్చింది.

కట్ట కిందనే కిందివాడ. అరవై ఇళ్ళు ఉంటాయి. ఆమె ఇల్లూ అందులోదే. బడి, దాని పక్కన వడ్ల కొనుగోలు సెంటరు మాత్రం రోడ్డు వైపు మెరక మీద ఉన్నాయి. కోసిన వడ్లన్నీ అక్కడే కుప్పలు పోసి, పైన పరదాలు కప్పి, కాంటా కోసం ఎదురు చూస్తున్నారు రైతులు. ఆమె వచ్చేసరికి ఆ మెరక మీద పెద్ద గోల. పరదాలు తీసేసి వడ్లను సంచులకు ఎత్తుతున్నారు. ట్రాక్టర్లు కిందివాడకు సంచులు మోస్తున్నాయి. తడి బురదలో ఆడవాళ్ళు గంపలతో పరుగెత్తుతున్నారు.

"ఏమైందే?" అని ఎదురొచ్చిన రజనిని అడిగింది. రజని పక్కింటి కోడలు.

"నీకు దెల్వదా అత్తమ్మా? లెవీ వస్తున్నదట. పగటీలికి వస్తరట. సెంటర్ల ఉన్న వడ్లన్ని లేపుకపోతరట. ఫోన్ల మెసేజ్ వచ్చింది."

"ఎవలు వెట్టిండ్రు?"

"సెక్రటరీ సారే పెట్టిండు."

సెక్రటరీ అంటే ధనుంజయ్. సిరిసిల్ల పద్మశాలీల పిల్లవాడు. తండ్రికి నాలుగు మరమగ్గాలు. రోజూ సిరిసిల్ల నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి పోతాడు. ఆ రోజు దారిలో వాగు పొంగి రోడ్డు తెగడంతో సిరిసిల్లలో ఇంటి దగ్గరే ఆగిపోయాడు.

రజని ఫోన్ తీసి చదివి వినిపించింది. "హెచ్చరిక. లెవీ పద్నాలుగు బలహీనం. లెవీ మధ్యాహ్నానికి దారి ఇవ్వవచ్చు. ధాన్యం తీసుకుపోబడవచ్చు. దిగువ ప్రజలందరూ వెంటనే పైకి రావాలి."

ఆ తెలుగు ఎవరికీ సరిగా అర్థం కాలేదు. కానీ లెవీ, ధాన్యం, తీసుకుపోవడం అనే మూడు మాటలు అందరికీ అందాయి. చిన్నవాళ్ళకు లెవీ అంటే ఏంటో తెలియక పెద్దవాళ్ళను అడిగారు. ఊళ్ళో అందరికంటే పెద్దది బాలలక్ష్మి అత్త బాలవ్వ. ఎనభై ఏడేళ్ళు. మెసేజ్ వినగానే బాలవ్వ ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూలబడింది. నిజాం కాలంలో ఆమె చిన్నపిల్ల. జవాన్లు తెల్లారకముందే వచ్చి ఇంట్లో పాతర తవ్వించి, సర్కారుకు కట్టాల్సిన ధాన్యం, లెవీ గల్లా, అని జొన్నలన్నీ ఎత్తుకుపోయారు. తల్లి ఒక గుప్పెడు జొన్నలు కొంగులో దాచుకుంటే అవి కూడా దులిపించారు. ఆ సంవత్సరం వాళ్ళు గడ్డి గింజలు తిన్నారు. బాలవ్వ ఆ కథ చెప్పి ఏడ్చింది. విన్నవాళ్ళు ఇంకో నలుగురికి చెప్పారు. అరగంటలో ఊరంతా ఒకటే నిర్ణయానికి వచ్చింది. పైకి రమ్మంటున్నది వడ్లు అప్పజెప్పడానికే. కాబట్టి ఎవరూ పైకి పోవద్దు. వడ్లన్నీ కిందికి తెచ్చి ఇళ్ళల్లో దాచాలి, తలుపులు వేసుకుని కాపలా కూర్చోవాలి.

బాలలక్ష్మి గ్లాసు పైకెత్తింది. "కట్టకు బుంగ పడ్డది! జెర నా మాట ఇనుండ్రి. ఊట రంగు దిరిగింది. గీ నీళ్ళు సూడుండ్రి."

"కట్ట సంగతి రేపు సూద్దాంలే చెల్లే," అన్నాడు దేవేందర్. ట్రాక్టర్ మీద ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. "ముందు వడ్లు దక్కనియ్యి."

"రేపటిదాంక ఆగదన్నా అది!"

ఆయన వినిపించుకోలేదు. పక్కనుంచి పోతున్నవాడి భుజం తగిలి గ్లాసు ఆమె చేతిలోంచి జారి పడింది. నీళ్ళు బురదలో కలిసిపోయాయి. ఖాళీ గ్లాసు తీసుకుని ఆమె బడి అరుగు మీద కూర్చుంది. తానొక్కతే అరిస్తే ఎవరు వింటారు? వినేలోపు కట్ట ఆగుతుందా? కట్ట వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. కిందివాడ సందుల్లో పిల్లలు సంచుల మీద ఎక్కి ఆడుతున్నారు.

ఆమెకు ఒక్క సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. లెవీకి పద్నాలుగు అనే నంబరు ఎందుకు? తూము పక్క పాతిన పైపు మీద తెల్ల రంగుతో రెండు అంకెలు రాసి ఉంటాయి. ఒకటి, నాలుగు. అంకెలు ఆమెకు వచ్చు.

వెంటనే రజని ఫోన్ అడిగి తీసుకుని ధనుంజయ్‌కు చేసింది.

"సారూ, నేను నీరటి బాలలక్ష్మిని. గా మెసేజ్ మీకు ఎవలు వెట్టిండ్రు?"

"హైదరాబాద్‌ల ప్రీతి మేడం పెట్టిందక్కా. ఇంగ్లీష్‌ల ఉన్నది." ధనుంజయ్ గొంతు వెనక వాన చప్పుడు, ఎవరో అరుస్తున్న చప్పుడు. "మా షెడ్డు కప్పు లేచిపోయింది. మగ్గాల మీద నీళ్ళు వడుతున్నయి. తొందరల ఫోన్‌లనే తెలుగు చేసి గ్రూప్‌ల ఏసిన. ఎందుకక్కా? ఏమైంది?"

"ప్రీతి మేడం వడ్ల గురించి ఎందుకు వెడ్తది సారూ? ఆమెది కట్ట పని గదా?"

"అయ్యో" అన్నాడు ధనుంజయ్.

"గా ఇంగ్లీష్ మెసేజ్ ఉన్నదున్నట్టు గీ ఫోనుకు వంపుండ్రి. మా బిడ్డకు సూపిస్త."

బిడ్డ శ్రీవాణి కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. వానకు బడికి సెలవు. రజని మెసేజ్ పంపించి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. శ్రీవాణి దాన్ని రెండు సార్లు చదువుకుంది.

"అమ్మా," అంది శ్రీవాణి. గొంతు మారిపోయింది. "నువ్వు ఏడున్నవ్? కిందివాడల ఉన్నవా?"

"బడికాడ ఉన్న. సెప్పు."

"ఇది వడ్ల లెవీ గాదమ్మా. వడ్ల లెవీకి చివర వై ఉంటది. దీనికి రెండు ఈలు ఉన్నయి. పలుకుడు ఒక్కతీరే ఉంటది. ఈ లెవీ అంటే కట్ట. నీళ్ళు ఆపే కట్ట. పద్నాలుగో నంబర్ కట్ట బలం తప్పింది, పగటీలికి తెగొచ్చు, వడ్లు కొట్టుకపోవచ్చు, కింద ఉన్నోళ్ళందరు మెరకకు ఎక్కాలె అని రాసిందామె. అమ్మా, నాయినమ్మ ఏడున్నది?"

బాలలక్ష్మి తల తిప్పి కింది వైపు చూసింది. కిందివాడకు పోతున్న ట్రాక్టర్ల వెనక చక్రాల నుంచి బురద చిమ్ముతోంది. నీళ్ళ నుంచి కాపాడుకోవాల్సిన గింజలను, మనుషులను ఊరంతా కలిసి సరిగ్గా నీళ్ళు వచ్చే చోటికి దింపుతున్నారు. అప్పుడు టైం తొమ్మిదిన్నర.

ఆమె పరుగెత్తి దేవేందర్ ట్రాక్టర్‌కు అడ్డం నిలబడింది. ఆయన బ్రేకు వేసి తిట్టబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. శ్రీవాణి ఫోన్‌లో మళ్ళీ అంతా చెప్పింది. దేవేందర్ నొసలు రుద్దుకున్నాడు. నమ్మాలని ఉంది, నమ్మకం చాలడం లేదు.

"నీ బిడ్డ చదువుకున్నదే, కాదంటలేను. కని మీ అత్తనే జెప్పె గద చెల్లే, లెవీ అంటే గదే అని. ఊరంత ఆమె మాటనే వట్టుకున్నది. ఇప్పుడు నేను పోయి కాదంటే, వడ్లు గవర్నమెంట్‌కు ఒప్పజెప్పనీకి సూస్తున్నడు అంటరు. ఓట్ల ముంగట."

"మరి మా అత్త సెప్తే ఇంటరా?"

"ఇంటరు."

బాలలక్ష్మి మళ్ళీ కట్ట కిందికి పరుగెత్తింది. చెలమ ఇప్పుడు చాటంత అయింది. మధ్యలో నీళ్ళు బుడగలు తేలుతూ ఉబుకుతున్నాయి. గ్లాసు నింపుకుని, అర చేత్తో మూసి పట్టుకుని, ఇంటికి పోయింది.

తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఎంతో సేపు కొడితే గానీ బాలవ్వ తియ్యలేదు. తీసి మళ్ళీ పోయి వడ్ల సంచి మీద కూర్చుంది. ఒళ్ళో చేతి కర్ర.

"అత్తా, నడువు. మెరకకు పోదాం. కట్ట తెగేటట్టున్నది."

"ఎవలు సెప్పిండ్రు?"

"నేను సూసిన. శ్రీవాణి గూడ సెప్పింది. గా మెసేజ్‌ల ఉన్నది లెవీ గల్లా గాదట. కట్టనట."

"అప్పుడు గూడ గిట్లనే తియ్యగ మాట్లాడిండ్రు. ఊరికె రాసుకపోతమన్నరు. బయటికి రాంగనే లోపలికి సొచ్చిండ్రు." బాలవ్వ కర్రను ఇంకా గట్టిగా పట్టుకుంది. "నువ్వు పో. నేను కదల."

"నువ్వు రాకుంటే నేను పోత అనుకున్నవా?"

బాలలక్ష్మి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. అరిచీ బతిమాలీ ఓపిక అయిపోయింది. అత్త ఎండిన చేతిని తీసుకుని, అరచేతిలో గ్లాసు వంచింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. మన్ను మిగిలింది.

బాలవ్వకు చూపు సరిగా ఆనదు. అయినా నలభై ఏళ్ళు నీరటి పెండ్లాంగా ఉన్న మనిషి. బొటనవేలితో ఆ మన్నును మెల్లగా రుద్దింది. మళ్ళీ రుద్దింది. వాసన చూసింది.

"యాడిది గిది?"

"తూము ఎడమ దిక్కు. అడుగున."

"ఎప్పుడు దిరిగింది రంగు?"

"పొద్దుగాల సూసిన. రాత్రే తిరిగిందో ఏమో."

"ఓ నీ ఇల్లు బంగారంగాను, మరి గింతసేపు ముచ్చట్లు వెడ్తున్నవేందే? లే!"

బాలవ్వను ట్రాక్టర్ ట్రాలీ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, కిందివాడ సందు సందూ తిప్పారు. పంచాయతీ మైకు పని చేయలేదు. అవసరమూ రాలేదు. ఆ ముసలి గొంతు అంత గట్టిగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. "నేను తప్పు జెప్పిన! లెవీ గాదు, కట్ట తెగుతున్నది! వడ్లు గిడ్లు ఇడిసి పిల్లల్ని ఎత్తుకోండ్రి! నేను తప్పు జెప్పిన!" తప్పు చెప్పానని ఆమె అన్నన్ని సార్లు ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ అని ఉండరు. తలుపులు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి. కొందరు అప్పుడే దింపిన సంచులను మళ్ళీ ఎత్తబోయారు. ఆడవాళ్ళు వాళ్ళ రెక్కలు పట్టి గుంజుకుపోయారు. పశువుల తలుగులు కోసి వదిలేశారు.

ఇటు కట్ట మీద ఇంకో కొట్లాట. బుంగ చుట్టూ ఇసుక సంచులు పేర్చి, మధ్యలో మొరం, కంకర పోయాలని బాలలక్ష్మి పది మందిని పురమాయించింది. నీళ్ళను పూర్తిగా మూయొద్దు, మూస్తే వేరేచోట పగులుతుంది, మన్ను రాకుండా నీళ్ళను మాత్రం రానియ్యాలి అని మొగిలయ్య చెప్పింది ఆమెకు గుర్తు. అది సరే. కానీ చెరువులో ఒత్తిడి తగ్గాలంటే మత్తడి ఒక్కటీ చాలదు. తూము మొత్తం ఎత్తాలి. తూము ఎత్తితే దాని కింద ఇంకా కోయని వరి మునిగిపోతుంది. ఎక్కువ రోజుల పంట వేసిన ఎనిమిది మంది మళ్ళు అక్కడ ఉన్నాయి. బంగారు రంగుకు తిరిగిన కంకులు వాన బరువుకు వంగి ఉన్నాయి.

తూము చక్రం మీద చెయ్యి వేసి ఆమె ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఈ మళ్ళను తడిపి పెంచింది తనే. ఎవరో వెనక నుంచి అన్నారు: "ఆగు ఆగు, కట్ట ఆగుతదేమో. తొందరవడి మా నోట్ల మన్ను గొట్టకు."

నిజంగానే ఆగితే? రేపు పొద్దున కట్ట నిలబడి ఉంటే, పండిన పంటను ముంచిన మనిషిగా ఈ ఊళ్ళో ఎట్లా బతకాలి? ఆగకపోతే, అరవై ఇళ్ళు.

దేవేందర్ మెట్లెక్కి వచ్చాడు. తూము కింద మొదటి మూడెకరాలు ఆయనవే.

"మొదలు మునిగేది నాది," అన్నాడు అందరికీ వినబడేట్టు. ఆమెతో మాత్రం మెల్లగా, "తిప్పు చెల్లే. బరువున్నదా? జరుగు, నేను వడ్త" అన్నాడు.

ఇద్దరూ కలిసి చక్రం తిప్పారు. తుప్పు పట్టిన ఇనుము కీచుమంది. కింద కాలువలోకి నీళ్ళు ఏనుగు తొండంలా దుమికాయి. దేవేందర్ అటు చూడలేదు. చక్రం వైపే చూస్తూ తిప్పాడు.

పన్నెండు దాటింది. కట్ట నిలబడే ఉంది. ఒంటి గంట అయింది. చెరువులో నీళ్ళు జానెడు దిగాయి. మెరక మీద బడి గదుల్లో కిక్కిరిసిన జనంలో, ఏం కాదులే అని గొణుగుడు మొదలయింది. ఇద్దరు ముగ్గురు వడ్ల సంచుల కోసం కిందికి దిగబోతే బాలవ్వ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కట్ట మీద బాలలక్ష్మి అందరినీ కుడి పక్కకు, బండరాయి దిక్కుకు పంపేసి, తానొక్కతే దూరం నుంచి ఆ చోటునే చూస్తోంది. సంచుల మధ్య నీళ్ళు మళ్ళీ తేటబడుతున్నట్టు అనిపించింది. నిజంగా అనిపించిందో, ఆశ పడిందో, ఆమె ఇప్పటికీ చెప్పలేకపోతుంది.

రెండు కావస్తుండగా కట్ట మీద గడ్డి ఒకచోట కిందికి కుంగింది. చప్పుడు లేదు. ఇంత పెద్దది అంత మెల్లగా పోతుందని ఆమెకు తెలియదు. తర్వాత మట్టి ఒక్కసారిగా జారింది. చెరువు కిందివాడ మీదికి తిరిగింది.

నడుం లోతు నీళ్ళు వచ్చాయి. తూము ఎత్తకపోయి ఉంటే, పన్నెండు దాటాక కూడా బుంగను ఇంకో రెండు గంటలు నిలపకపోయి ఉంటే ఇళ్ళ కప్పులు మునిగేవని తర్వాత వచ్చిన ఇంజనీర్లు అన్నారు. పదకొండు మట్టిగోడల ఇళ్ళు కూలాయి. దాచడానికి దింపిన వడ్లలో ఎక్కువ భాగం కొట్టుకుపోయింది, మిగిలినవి మొలకెత్తాయి. ఒక బర్రె, రెండు మేకలు పోయాయి. మనుషులందరూ ఉన్నారు. బడిలో రజని పేరు పేరునా పిలిచి చూసింది, ఒకసారి కాదు, మూడు సార్లు.

మరునాడు వాన వెలిసింది. శ్రీవాణి కోరుట్ల నుంచి దొరికిన బండ్లు మారుతూ వచ్చి చేరింది. బడి ఆవరణలో ఒక అధికారి కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊరు ఊరంతా కాగితాలు పట్టుకుని వరసలో నిలబడింది. ఆ వరసలో తల్లికీ నాయినమ్మకూ మధ్య నిలబడి శ్రీవాణి అంది: "అమ్మా, గా మాటకు ఇంకో అర్థం గూడ ఉన్నది. ఎన్కట విదేశాల్ల రాజు పొద్దుగాల నిద్ర లేవంగనే పెద్దపెద్దోళ్ళు పోయి దండం పెట్టి, తమ సంగతులు సెప్పుకునేటోళ్ళు. దాన్ని గూడ లెవీ అనే అంటరు. రెండు ఈల లెవీ."

బాలవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నది. "మా కాలంల దొర గట్లనే. లేచేదాంక గడి ముంగట నిలవడేది. పొద్దెక్కినా లేవకపోవు."

"అన్నిటికి మూలం ఒక్కటే నాయినమ్మా. లేపుడు, లేచుడు. కట్టను లేపుతరు. రాజు లేస్తడు. వడ్ల లెవీ గూడ ఆడికెల్లే పుట్టింది. ఊళ్ళకెల్లి గల్లా లేపుకపోతరు గద."

"మరి నేను తప్పెట్ల జెప్పినట్టే?" అంది బాలవ్వ. నవ్వలేదు. నిజంగానే అడిగింది. ముందు రాత్రంతా ఆమె నిద్రపోలేదు, తన మాట విని కిందికి వడ్లు మోసిన వాళ్ళ పేర్లు చెప్పుకుంటూనే ఉంది. శ్రీవాణి ఆమె చెయ్యి పట్టుకుంది. వరస కొంచెం ముందుకు జరిగింది.

ధనుంజయ్ మూడో రోజు వాగు దాటి వచ్చాడు. వచ్చి బాలలక్ష్మి ముందు తల దించుకుని నిలబడ్డాడు. వాళ్ళ రెండు మగ్గాలు పాడయ్యాయని ఆమెకు అప్పటికే తెలుసు. "సారూ, నీ పైలం నువ్వు సూసుకోవాలె గని," అంది. "గిప్పటికెల్లి ఏదొచ్చినా నాకు ఒక్క ఫోన్ కొట్టి అడుగుండ్రి. కట్ట అని తెలుగుల ఒక్క మాట రాస్తే సాలు." ప్రీతి కూడా వచ్చింది. గండి పడిన చోట చాలాసేపు కూర్చుని ఏడ్చింది. తాను చదువుకున్న పుస్తకాల్లో ఆ మాటే ఉందని, ఇక్కడ ఎవరూ దాన్ని అలా అనరన్న సంగతి తనకు తట్టలేదని చెప్పింది. బాలలక్ష్మి ఆమెను ఓదార్చే బదులు గండి చూపించి, కొత్త కట్టకు బంక మన్ను ఎక్కడి నుంచి తేవాలో, పాత మన్ను ఎందుకు పనికిరాదో చెప్పడం మొదలుపెట్టింది. ప్రీతి కళ్ళు తుడుచుకుని రాసుకుంది.

దేవేందర్ పొలంలో ఇసుక మేట వేసింది. ఆ యాసంగికి అక్కడ ఏమీ వేయలేదు. ఆయన ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తలేదు. బాలలక్ష్మే ఆయన ఎదురుపడ్డప్పుడు చూపు తిప్పుకుంటుంది.

సంక్రాంతి దాటాక గండి పూడ్చే పని మొదలయింది. ఆ నెలలోనే ఒక మంగళవారం శ్రీవాణి తల్లిని కొండగట్టు తీసుకుపోయింది. దర్శనం అయ్యాక ఇద్దరూ కొండ అంచున కూర్చుని కొబ్బరి ముక్కలు తిన్నారు. కింద మైదానంలో చెరువులు ఎండకు మెరుస్తున్నాయి. పక్కన కూర్చున్న వాళ్ళంతా ఎంత బాగుందో అని ఫోటోలు తీసుకుంటున్నారు. బాలలక్ష్మి లేచి నిలబడి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా ఉన్న ఒక చెరువు వైపు చూసింది.

"గా కట్ట ఎడమ దిక్కు పచ్చగున్నది సూడు. గడ్డి గట్ల ఒక్క కాడనే పచ్చగుంటే కింద తడి ఉన్నట్టు. దానికి నీరటి ఎవలో ఏమో."

"అమ్మా, గుడికి వచ్చినం మనం."

"ఒకళ్ళనన్న అడిగి తెలుసుకో బిడ్డా. ఏ ఊరిదో."

శ్రీవాణి కొబ్బరి చిప్ప పక్కన పెట్టి, దుకాణం వాళ్ళను అడగడానికి లేచింది.